తీగ రాని ఊరికి గాలి అమ్ముతాండారు

పోయిన వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, కోడుమూరు పక్క పల్లె నుంచి ఫోను వచ్చింది. "అన్నా, మోడెం పెట్టించినాం. లైట్లు వెలుగుతాండాయి గానీ నెట్ రావడం లేదు. రొంత వచ్చి చూస్తావా?" అని. ఆ పిల్లకు ఇంటర్ అయిపోయింది. ఈఏపీసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీల వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల. గడువు ఇంక మూడు రోజులే. వాళ్ల నాయన గుంటూరు దిక్కు మిరపకాయల సుగ్గికి పొయ్యొచ్చిన దుడ్లల్లో నుంచి తీసి, సిమ్ వేసుకునే వైర్‌లెస్ మోడెం కొనిపించినాడు. బిగించేదానికి వచ్చినాయప్ప "సెట్టింగ్ ఛార్జి" అని అయిదు నూర్లు తీసుకొని, టీవీ పక్కన డబ్బా పెట్టి, రెండు లైట్లు వెలిగించి పొయ్యినాడు. మళ్లా ఫోను ఎత్తలేదు.

నేనేం ఇంజనీరును కాదు. టెన్త్ తర్వాత బడి మొకం చూసినోన్ని కాదు. మోడెం గురించి నాకు తెలిసిందంతా నా మోడెం చెడిపోయినప్పుడు నేర్చుకున్నదే. నాదీ ఇదే కథ. కొన్న కొత్తల్లో ఒక కంపెనీ కస్టమర్ కేర్‌కు పదకొండు సార్లు ఫోను చేసినా. పదకొండు సార్లూ "స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. కడాకు విసుగుపుట్టి డబ్బాను తిరగేసి చూస్తే, కిందపక్క స్టిక్కర్ మీదే అంతా రాసిపెట్టింది.

ఆ స్టిక్కర్ కాన్నుంచే మొదలుపెడదాం. ఈ కాలమ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చానామంది ఇండ్లల్లో ఇప్పుడు ఈ డబ్బా ఉండాది, లేకుంటే వచ్చే ఏడు వస్తాది. దాన్ని సెట్ చేసే పని పది నిమిషాలది. ఆ పది నిమిషాల పనికి అయిదు నూర్లు ఎందుకు అవుతాందో, అది చేసినాక గూడా నెట్ ఎందుకు సరిగ్గా రాదో, ఆ రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది మన చేతుల్లో ఉండాది. రెండోది మన చేతుల్లో లేకుండా చేసినారు.

స్టిక్కర్ మీద వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, ఒక అంకెల అడ్రసు ఉంటాయి. అడ్రసు చానావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. ఫోన్‌ను ముందు ఆ మోడెం వైఫైకి కలపండి. బ్రౌజర్ తెరిచి, సైటు పేరు కొట్టేచోట ఈ అంకెలు కొట్టండి. ఇది ఇంటర్నెట్ కాదు, నెట్ రాకపోయినా తెరుచుకుంటాది. మీ ఫోను, మీ డబ్బా, రెండూ మాట్లాడుకుంటాండాయంతే. లాగిన్ అడుగుతాది. అది గూడా స్టిక్కర్ మీదే ఉంటాది. పాత మోడెంలల్లో పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే.

ఆ పిల్ల ఫోన్లో అట్లనే తెరిచినాం. లోపల చూస్తే ఏపీఎన్ అనే గడిలో వేరే కంపెనీ పేరు ఉండాది. ఏపీఎన్ అంటే సిమ్ కంపెనీ నెట్‌లోకి పొయ్యే వాకిలి పేరు అనుకోండి. జియో సిమ్‌కు జియోనెట్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ చుక్క కామ్. మధ్యలో ఖాళీ ఇడ్సకుండా, ఇంగ్లీషు చిన్నక్షరాలతో కొట్టాల. బిగించినాయప్ప తన సిమ్ వేసి పరీక్ష చేసుకున్నాడు, తర్వాత వీళ్ల సిమ్ పెట్టినాడు, వాకిలి పేరు మార్చేది మర్చిపొయ్యినాడు. సిమ్ ఒకరిది, వాకిలి ఇంకొకరిది. లైట్లు వెలగక ఏం చేస్తాయి? టవర్ అయితే దొరికింది గదా! నెట్ ఎట్లొస్తాది?

అది మార్చి, సేవ్ కొట్టి, డబ్బాను ఒకసారి ఆపి వేసినాం. నెట్ వచ్చింది. ఆ పిల్ల మొకం వెలిగింది. స్పీడు చూస్తే 0.4 ఎంబీపీఎస్. వెలుగు పోయింది.

ఇక్కడ రొంత నిలబడదాం. ఎందుకంటే చానామంది ఇక్కడే చేతులెత్తేసి "మన ఊర్లో అంతేలే" అంటారు. సెట్టింగ్ పేజీల్లోనే సిగ్నల్ అనో, స్టేటస్ అనో ఒకటి ఉంటాది. అందులో ఆర్ఎస్ఆర్‌పీ అనే అంకె చూడండి. మైనస్‌లో ఉంటాది. మైనస్ 80 చుట్టుపక్కల ఉంటే మంచి సిగ్నల్. 90, 100 మధ్య ఉంటే నడుస్తాది. 110 దాటితే పేరుకే సిగ్నల్. ఈ అంకెల లెక్క మన మామూలు లెక్క కాదు. పది పెరిగిందంటే సిగ్నల్ బలం పదో వంతుకు పడిపోయినట్లు. ఇరవై పెరిగితే నూరో వంతు. ఆ ఇంట్లో టీవీ పక్కన అంకె మైనస్ 113.

ఎందుకుండదు? మన ఇండ్లు చూడండి. రాతిగోడలు, మూరెడు మందం. పైన మిద్దె, నాపబండలు. ఎండకు లోపల సల్లగా ఉండాలని మన పెద్దోళ్లు కట్టుకున్నారు. ఎండను ఆపే గోడ టవర్ నుంచి వచ్చే అలను గూడా ఆపుతాది. కొత్తగా కట్టినోళ్లకు రేకుల కప్పు. ఇనుప రేకు ఇంకా అన్యాయం, అలను వచ్చిన దోవనే తిప్పి పంపుతాది. డబ్బా మీద హైదరాబాదు ఫ్లాట్ బొమ్మ వేసినారు, సోఫా పక్కన మోడెం, దాని పక్కన పూలకుండీ. మిద్దె ఇంటి బొమ్మ ఎవరూ వెయ్యరు.

మోడెం ఎత్తుకొని ఇల్లంతా తిరిగినాం. వంటింట్లో 116. నడవలో 108. మిద్దెమీద గదిలో, టవర్ దిక్కు కిటికీ కాడ పెడితే 94. అంటే టీవీ పక్కన కంటే దాదాపు ఎనభై రెట్లు బలం. ఒక్క రూపాయి ఖర్చు లేదు. స్పీడు 7 ఎంబీపీఎస్‌కు వచ్చింది. కరెంటు వైరు చాలకపోతే పొడుగుది వేసినాం. కింద గదికి వైఫై అందాలంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని ఉంచుకోండి, 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువే గానీ రాతిగోడ దాటలేదు. ఇంకో ముచ్చట, మిద్దెమీద పెట్టుకున్నోళ్లు ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు పీకండి. ముఖ్యంగా బయట గొట్టానికి యాంటెన్నా బిగించి వైరు లోపలికి లాక్కున్నోళ్లు. మన దిక్కు తొలకరికి ముందు పిడుగులు ఎట్లుంటాయో నేను చెప్పబన్లేదు.

ఇదంతా పొద్దున్నే గాదు, మధ్యాహ్నం మూడింటప్పుడు చేసిన పని. రాత్రి ఎనిమిదికి ఆ పిల్ల మళ్లా ఫోను చేసింది. "అన్నా, 0.8కి వచ్చింది." అంకె చూడమన్నా. అదే 94. మోడెం కదల్లేదు, గోడ కదల్లేదు, అంకె మారలేదు. స్పీడు పడిపోయింది.

అసలు విషయం ఇక్కడుండాది. అంకె చెడ్డగా ఉండి స్పీడు రాకపోతే తప్పు మన ఇంట్లో ఉండాది, మనం సరిచేసుకోవచ్చు. అంకె బాగుండి స్పీడు పడిపోతాందంటే తప్పు టవర్ కాడ ఉండాది. ఈ తేడా మీకు తెలిసిన రోజు కస్టమర్ కేర్ వాళ్లు "స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని మిమ్మల్ని పంపించేయలేరు.

టవర్ అంటే ఊరుమ్మడి బోరు లాంటిది. బోరు ఒకటి, కొళాయిలు మూడు నూర్లు. మధ్యాహ్నం అందరూ చేన్లల్లో ఉన్నప్పుడు మీకు దండిగా వస్తాది. రాత్రి అందరూ ఇండ్లకు వచ్చి, ఒకరు క్రికెట్, ఒకరు సీరియల్, ఒకరు రీల్స్ పెట్టుకుంటే ధార సన్నమైపోతాది. పైగా ఆ బోరుకు నీళ్లెక్కడివి? టవర్ నుంచి పట్నానికి కలిపే లైను ఫైబర్ తీగ అయితే లోతైన బోరు. ఇంకో టవర్‌కు గాలిలోనే కలిపిన మైక్రోవేవ్ గిన్నె అయితే ఆ గిన్నెకు పట్టినంతే. అంటే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ గూడా చివరికి తీగ మీదే ఆధారపడి ఉండాది. ఆ తీగ మన గడప దాకా వస్తాందా, ఊరి టవర్ దాకన్నా వస్తాందా, మండలం దగ్గరే ఆగిపోతాందా అన్నదే తేడా.

మరి ఆ తీగ మన ఊరికి ఎందుకు రాలేదు? రాలేదంటే పూర్తిగా నిజం కాదు. వస్తాదని రెండు సార్లు చెప్పినారు.

మొదటిది కేంద్రానిది. 2011 అక్టోబర్లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అని మంత్రివర్గం ఆమోదించింది. దేశంలో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీగ. రెండేండ్లల్లో అయిపోతాదన్నారు. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. గడువు జరిగింది, మళ్లా జరిగింది. 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్ అని ఇంకో 1,39,579 కోట్లకు ఆమోదం ఇచ్చినారు. పన్నెండేండ్ల తర్వాత! ఈ దుడ్లు యాడివి అనుకుంటాండారు? మన రీచార్జీలవి. టెలికాం కంపెనీలు లెక్క చూపించే ఆదాయంలో నూటికి అయిదు రూపాయలు పల్లెల నెట్‌వర్క్ కోసమని తీసి పెట్టే నిధి ఒకటి ఉండాది. 2002 నుంచి వసూలు చేస్తాండారు. యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేవాళ్లు, 2023 టెలికాం చట్టం వచ్చినాక డిజిటల్ భారత్ నిధి అంటాండారు. అంటే మా జేజి నెలనెలా వేయించుకునే చిన్న రీచార్జిలో గూడా పల్లెకు తీగ లాగేదానికి పైసలు పోతాండాయి. ఆ లెక్కన మనం అడుక్కోవడం లేదు, కట్టిన దానికి సరుకు అడుగుతాండాం.

రెండోది మన రాష్ట్రానిది. ఏపీ ఫైబర్‌నెట్ మీలో చానామందికి గుర్తుండే ఉంటాది. 2015లో కంపెనీ పెట్టినారు. గుంతలు తవ్వి తీగ పూడ్చాలంటే ఖర్చు, కాలం రెండూ ఎక్కువని, కరెంటు స్తంభాల మీదనే సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగినారు. నన్నడిగితే అది మంచి తెలివే. మన నేలలో రాళ్లు పగలగొట్టి కాలువ తీసేదాని కంటే ఉన్న స్తంభాన్ని వాడుకోవడం న్యాయం. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను. దేశంలో అంత తక్కువకు ఇచ్చినోళ్లు ఎవరూ లేరు. తర్వాత ధర పెరిగింది, టెండర్ల మీద కేసులు వచ్చినాయి, ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ సంస్థ మీద రాజకీయం. ఏ పార్టీది తప్పు అనేది కోర్టులు తేల్చాల, నేను ఆ తగవులోకి పోను. నాకు కావాల్సింది ఒకటే ప్రశ్న. స్తంభం మీద తీగ ఉన్న ఊర్లల్లో గూడా అది యాడ దాకా వచ్చి ఆగింది? మెయిన్ రోడ్డు, సచివాలయం, రెండు పెద్ద వీధులు. ఎస్సీ కాలనీ దాకా వచ్చిందా? గాలికి తెగితే మళ్లా కట్టినారా? మీ ఊర్లో మీరే నడుచుకుంటా పొయ్యి చూసి రండి. ఆఖరి స్తంభం యాడ ఉండాదో ఫొటో తీయండి.

ఆఖరి స్తంభం తర్వాత ఉన్నోళ్లకు ఇప్పుడు కొత్త బేరం వచ్చింది. తీగ వద్దులే, గాలిలో ఇస్తాం అని. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబర్ 19న వినాయక చవితి నాడు హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలైంది. దానికి నెల ముందే ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైల్లో మొదలుపెట్టింది. పేరులో ఫైబర్ ఉండాది, ఇంటికి ఫైబర్ ఉండదు. మిద్దెమీద ఒక డబ్బా టవర్ నుంచి పట్టుకుంటాది, లోపల ఇంకో డబ్బా వైఫై ఇస్తాది. నేను దీన్ని మోసం అనడం లేదు. టవర్ దగ్గరుండి, దానికి ఫైబర్ ఉండి, వాడేవాళ్లు తక్కువుంటే చక్కగా పని చేస్తాది. తీగ రాని చోట ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు మేలు. నా పోట్లాట వేరే. గాలిలో ఇచ్చేది తీగ వచ్చేదాకా సర్దుబాటుగా ఉండాలా, తీగకు బదులుగా ఉండాలా? పట్నంలో అపార్టుమెంటుకు రెండు మూడు కంపెనీల ఫైబర్ పోటీ పడి వస్తాది. పల్లెకు టవర్‌లో మిగిలిన ధార. ధర మాత్రం ఒకటే.

ధర సంగతి చూద్దాం. ఎయిర్‌ఫైబర్ మొదలైనప్పుడు చిన్న ప్లాన్ 599, జీఎస్టీతో సుమారు 707 రూపాయలు, 30 ఎంబీపీఎస్. మన రాష్ట్రంలో 2025-26 ఉపాధి కూలి రోజుకు 307. అంటే నెల నెట్‌కు రెండు రోజుల కూలి పొయ్యి ఇంకా చాలదు. బిగించేదానికి వెయ్యి, ఏడాదిది ఒకేసారి కడితే ఆ వెయ్యి మాఫీ. ఏడాదిది ఒకేసారి ఎవరు కడతారు? నెల జీతమొచ్చేవాడు. ఇంకోటి చూడండి, మన పడమటి పల్లెల్లో మూడు నెలలు, నాలుగు నెలలు ఇండ్లకు తాళాలేసి సుగ్గికి పోతారు. ప్లాన్ గడువు క్యాలెండర్ చూసి నడుస్తాది, తాళం చూసి నడవదు. ఇంట్లో మనిషి లేని నెలలకు గూడా దుడ్లు కట్టినట్లే. వలస పొయ్యే కుటుంబానికి ప్లాన్‌ను ఆపి, తిరిగొచ్చినాక కొనసాగించే సౌకర్యం ఏ కంపెనీ అయినా అమ్మితే మన దిక్కు దండిగా కొంటారు. ఆ ఆలోచన వాళ్లకు రాదు, ఎందుకంటే ప్లాన్లు రాసేవాళ్లల్లో సుగ్గికి పోయినోడు ఒక్కడూ లేడు.

సిమ్ మోడెం అయితే మామూలు రీచార్జిలో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ. అది దాటితే స్పీడు 64 కేబీపీఎస్. ఇంటిల్లిపాదీ ఒక గంట మంచి క్లారిటీలో వీడియో చూస్తే ఆ జీబీలు అయిపోతాయి. 64 కేబీపీఎస్ అంటే ఎంతో తెలుసా? 1990ల్లో మద్రాసు ఐఐటీ వాళ్లు పల్లె ఫోన్ల కోసం కార్‌డెక్ట్ అని ఒక వైర్‌లెస్ పద్ధతి తయారు చేసినారు. ఫోను, ఇంటర్నెట్ రెండూ ఒకే డబ్బాలో. అది ఇచ్చే నెట్ 35 నుంచి 70 కేబీపీఎస్. మూడు పదుల ఏండ్ల తర్వాత రోజు కోటా దాటిన పల్లె పిల్లోడు మళ్లా ఆడికే పోతాండాడు.

ఇంతకీ సర్కారు లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏంది? ఒకప్పుడు 256 కేబీపీఎస్ ఉంటే చాలు. తర్వాత 512 చేసినారు. 2023 జనవరిలో దాన్ని కనీసం 2 ఎంబీపీఎస్ అని మార్చినారు. ఆ పిల్లకు రాత్రి ఎనిమిదికి వచ్చిన 0.8 సర్కారు నిర్వచనం ప్రకారమే బ్రాడ్‌బ్యాండ్ కాదు. డబ్బా మీద, బిల్లు మీద మాత్రం బ్రాడ్‌బ్యాండ్ అనే ఉంటాది.

"నెట్ లేకపోతే ఏమైతాది లేబ్బా, రీల్స్ చూసేదానికే గదా" అనే పెద్దమనుషులు ఉండారు. వాళ్లకు ఒక మాట. ఉపాధి పనికి పొయ్యే కూలోళ్ల హాజరు 2023 జనవరి 1 నుంచి సొంత లబ్ధిదారుల పనులు తప్ప అన్ని పనుల కాడా యాప్‌లోనే వేయాలని కేంద్రం పెట్టింది. దినానికి రెండు ఫొటోలు. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసిపెట్టుకొని తర్వాత ఎక్కించొచ్చు అంటారు. ఎక్కకపోతే? ఎండలో మట్టి తవ్విన మనిషి, ఫొటో ఎక్కలేదని మేట్ చుట్టూ తిరగాల. పంట నమోదు ఆన్‌లైన్, ఈకేవైసీ ఆన్‌లైన్, సర్టిఫికెట్లు ఆన్‌లైన్. 2025 జనవరి 30 నుంచి సర్కారు సేవలు వాట్సాప్‌లోనే ఇస్తాం అని మన మిత్ర మొదలుపెట్టినారు. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గుతాది. కానీ సర్కారు తన కిటికీని ఫోన్లోకి మార్చినప్పుడు, ఆ ఫోనుకు సిగ్నల్ ఇచ్చే పూచీ గూడా సర్కారుదే గదా? ఆఫీసు ఊరవతల కట్టి, దోవ మాత్రం మీరే వేసుకోండి అన్నట్లుండాది ఇది.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అది ఇంట్లో సంగతి. మోడెం సెట్ చేసేటప్పుడు ఆ పిల్ల తమ్ముడు వచ్చి "అన్నా, పాస్‌వర్డ్ నాకొక్కనికే చెప్పు, అక్కకు వద్దు, రాత్రంతా ఫోన్ చూస్తాది" అన్నాడు. వాడికి పదమూడేండ్లు. ఆ డబ్బా ఎవరి చదువు కోసం కొన్నారో ఆ పిల్లకే తాళం వద్దంట! కేరళలో కోళికోడ్ దిక్కు ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆడపిల్లలు ఫోను వాడగూడదని రూలు పెట్టినారు. ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి తీసేసినారు, ఆమె హైకోర్టుకు పొయ్యింది. 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంటర్నెట్ అందుకునే హక్కు చదువుకునే హక్కులో, సొంత గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు గురించి ఆ పిల్లోనికి చెప్పినా. వాడికి ఎంత ఎక్కిందో తెలియదు. పాస్‌వర్డ్ మాత్రం అక్కే పెట్టింది, తమ్మునికి ఆమే చెప్పింది.

పాస్‌వర్డ్ మాట వచ్చింది గాబట్టి, రెండు తాళాలు ఉంటాయని మర్చిపోవద్దు. వైఫై తాళం ఒకటి, మోడెం సెట్టింగుల తాళం ఇంకొకటి. మొదటిది చానామంది మారుస్తారు, రెండోది మార్చరు. అడ్మిన్ అడ్మిన్ అని వదిలేస్తే, మీ వైఫైలోకి వచ్చిన ఎవడైనా లోపలికి పొయ్యి మీ మోడెంను దొంగ సైట్ల దోవకు తిప్పొచ్చు. బ్యాంకు సైటు అనుకొని ఇంకోటి తెరుచుకుంటాది. రెండూ మార్చండి. వైఫై భద్రత గడిలో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాల, ఓపెన్ అని ఉండగూడదు. డబ్ల్యూపీఎస్ అనే బటన్ పని ఆపేయండి. బిగించినాయప్పకు తెలిసిన పాస్‌వర్డ్ మీది కాదు.

సరే, టవర్ కాడ తప్పుంటే ఏం చేయాల? తిట్టుకుంటా కూర్చోవద్దు. రాసుకోండి. ఒక నోట్‌బుక్ తీసుకొని పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి ఎనిమిది, మూడు పూటలా ఆర్ఎస్ఆర్‌పీ అంకె, స్పీడు, పది రోజులు రాయండి. స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. 198కి ఫోను చేసి ఫిర్యాదు పెట్టండి, డాకెట్ నంబర్ ఇచ్చేదాకా ఫోను పెట్టేయొద్దు. ఆడ తేలకపోతే ప్రతి కంపెనీలో అప్పీలు అథారిటీ ఉంటాది, దానికి దుడ్లు కట్టబన్లేదు. దాని తర్వాత కేంద్రం వాళ్ల పీజీ పోర్టల్. 2024 అక్టోబర్ 1 నుంచి ట్రాయ్ కొత్త నాణ్యత నిబంధనలు అమల్లోకి వచ్చినాయి. కంపెనీలు ఏ ఊర్లో ఏ సిగ్నల్ ఉండాదో మ్యాపు తమ సైట్లల్లో పెట్టాల. మీ ఊరు ఆ మ్యాపులో చూడండి. ఆడ నిండుగా రంగు పూసుండి, మీ నోట్‌బుక్‌లో 0.8 ఉంటే, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పంపండి. ఒకరు పంపితే ఫిర్యాదు. ఊర్లో నలభై మంది పంపితే దాన్ని పక్కన పెట్టడం అంత సులువు కాదు.

సొంతంగా ఏమన్నా చేయాలనుకునే పిల్లోళ్లకు పీఎం వాణి అని ఒకటి ఉండాది. 2020 డిసెంబర్లో కేంద్రం ఆమోదించింది. టీ అంగడి, కిరాణా అంగడి పెట్టుకున్నోళ్లు గూడా లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. పది రూపాయలకు ఇంత అని. ఇన్నాళ్లూ అంగడోళ్లకు కంపెనీలు ఇచ్చే లైను ధరే ఎక్కువ, అందుకే అది నడవలేదు. 2025 జూన్లో ట్రాయ్ దానికి కట్టడి పెట్టింది, 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి కనెక్షన్ ధరకు రెండింతలు దాటగూడదని. అయితే దానికి గూడా ఊర్లోకి మంచి లైను రావాల. మళ్లా తీగ కాడికే వచ్చినాం.

కేరళ వాళ్లు ఇంటర్నెట్ పౌరుని హక్కు అని ప్రకటించి, కేఫాన్ అని సొంత ఫైబర్ కట్టుకున్నారు. 2023 జూన్ 5న ప్రారంభించినారు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా అన్నారు. మొదటి విడతలో నియోజకవర్గానికి నూరిండ్ల లెక్కన 14 వేల ఇండ్లే పెట్టుకున్నారు. అక్కడ గూడా మాటకు, చేతకు ఎడం ఉండాది. కానీ నియోజకవర్గానికి నూరు అని ఒక లెక్క ఉంటే, మా నూరు యాడ అని అడిగేదానికి వీలుంటాది. మన కోడుమూరు నియోజకవర్గంలో ఎన్ని ఇండ్లకు తీగ వచ్చింది, ఎన్ని కాలనీలకు రాలేదు అని ఊరు వారీగా ఒక కాగితం గోడకు అంటించమని అడగండి. గ్రామసభలో అడగండి. సమాచార హక్కు కింద అడగండి, పది రూపాయల పని.

ఆ పిల్ల సంగతి. మూడు రోజుల గడువులో రెండో రోజు తెల్లారుజామున నాలుగుకు అలారం పెట్టుకొని లేచింది. ఆ టైముకు టవర్ ఖాళీ. స్పీడు 11 వచ్చిందంట. మిద్దెమీద కిటికీ కాడ కూర్చొని నలభై కాలేజీలు వరుసగా పెట్టుకొని, సేవ్ కొట్టి, ప్రింటు కోసం ఫోన్లో దాచుకొని కిందికి దిగింది. వాళ్లమ్మ అప్పుడే పొయ్యి అంటిస్తాండాదంట. పది రోజుల తర్వాత నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి నాకు పంపింది. రాత్రి ఎనిమిది గడులల్లో పదింటికి పది, ఒకటి లోపలే. కింద డాకెట్ నంబర్ రాసి, దాని పక్కన "ఇంకా పలకలేదన్నా" అని రాసింది.